మా అత్తమ్మను లైన్లోకి తెచ్చిన మడత స్టూల్: మూడేళ్లు వాడాక రాస్తున్నది

పార్కుకు పోతే సంచుల దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. మా ఇంట్లో ఆ ఒకరు ఎప్పుడూ మా అత్తమ్మే. 2021 డిసెంబరులో నల్గొండ నుంచి మొదటిసారి హైదరాబాద్ దగ్గరి ఒక పెద్ద పార్కుకు పోయినప్పుడు ఆమెకూ మాతో పాటు టికెట్ కొన్నాం. పదకొండుకు గేటు దాటాం, ఐదున్నరకు బయటికొచ్చాం. ఆ ఆరున్నర గంటలూ ఆమె ఒక చెట్టు కింద బెంచీ మీద మా అందరి చెప్పులు, తడి బట్టలు, టిఫిన్ డబ్బాలు చూసుకుంటూ కూర్చుంది. వచ్చేటప్పుడు నార్కట్‌పల్లిలో చాయ్ కోసం ఆగితే, మా పెద్దదాన్ని దగ్గరికి తీసుకుని "ఏమేం ఎక్కిన్రు బిడ్డా, ఒక్కొక్కటి చెప్పు" అని అడిగింది. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఆమెకు రైడ్లంటే భయమేం లేదు. లైనే కష్టం. అత్తమ్మది మర్రిగూడ మండలం, ఆ దిక్కు నీళ్ల సంగతి మన జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఇంటికి కృష్ణా నీళ్లు వచ్చేనాటికి ఆమెకు అరవై దాటాయి. మెల్లగా ఎంత దూరమైనా నడుస్తుంది, కానీ ఒక్కచోట పది నిమిషాలు నిలబడలేదు. పోనీ కింద కూర్చుందామంటే ఇద్దరు పట్టి లేపాలి. రైడ్ల దగ్గర ఇనుప పైపుల మధ్య మెలికలు తిరిగే లైన్లో ఈ రెండూ తప్ప మూడో దారి ఉండదు.

ఆ మూడో దారి కోసమే 2022 ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో ఈ ప్లాస్టిక్ మడత స్టూల్ కొన్నాను, 850 రూపాయలు. అందరూ చూసే ఉంటారు, ఒకదాంట్లో ఒకటి దూరే రింగులు, మూసేస్తే పళ్లెంలా ఉంటుంది, లాగి తిప్పితే స్టూల్ అవుతుంది. దాని రంగు, బరువు, భుజానికి వేసుకునే పట్టీ గురించి రాయను. నాకు దాంట్లో నచ్చింది ఒక్కటే, ఎత్తు. పూర్తిగా తెరిస్తే మా ఇంట్లో కుర్చీ అంత ఎత్తు వస్తుంది. అంతకుముందు మూడు కాళ్ల బట్ట స్టూల్ ఒకటి కొన్నాం, అది ఇంకా తేలిక, కానీ కూర్చోగానే బట్ట కిందికి జారి మోకాళ్లు పైకొచ్చేవి, అత్తమ్మ అందులోంచి లేవలేకపోయేది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు కూర్చోవడం కాదు సమస్య, లేవడం. ఈ తేడా ఆ స్టూళ్లు అమ్మేవాళ్లు ఎక్కడా రాయరు.

ఆ ఏడాది బడులు తెరిచాక ఒక మంగళవారం పిల్లలకు ఒక రోజు సెలవు పెట్టించి పోయాం. (పిల్లల బడి పోయినా సరే, ఆదివారం మాత్రం వద్దని నా అభిప్రాయం. రద్దీలో సగానికి సగం తేడా కనిపించింది మాకు.) సంచులు డబ్బు కట్టి లాకర్లో పెట్టేశాం, అది మొదటిసారే చేయాల్సిన పని. జెయింట్ వీల్ లైన్లో అత్తమ్మను మా మధ్యలో పెట్టుకున్నాం. స్టూల్ బాధ్యత మా పెద్దది తీసుకుంది, అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. లైను ఆగగానే తెరిచి వేయడం, కదలగానే నాయనమ్మ లేస్తే ఎత్తి చంకలో పెట్టుకోవడం, రెండడుగులు వేయగానే మళ్లీ వేయడం. మొత్తం మూయకుండా తెరిచినట్టే పట్టుకుపోతే సరిపోతుందని అదే కనిపెట్టింది.

ఆ లైన్లో ముప్పై నిమిషాలు పట్టింది. అయినా నాకు అది లైనులా అనిపించలేదు. కూర్చునే సరికి అత్తమ్మకు మాటలు వచ్చాయి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు, ఏంది చెప్పున్రి" అని పొడుపు కథ వేస్తే మా చిన్నోడి కంటే ముందు వెనక నిలబడ్డ ఎవరి బాబో "కనురెప్పలు" అని అరిచాడు. ఇంకొకటి, ఇంకొకటి అని నాలుగు కుటుంబాల పిల్లలు ఆమె చుట్టూ చేరారు. అంతకుముందు ట్రిప్పులో ఇదే చిన్నోడు అదే లైన్లో పైపులకు వేలాడి ఏడ్చాడు, ఫోన్ చేతికిస్తే గానీ ఊరుకోలేదు. పైకి వెళ్లాక అత్తమ్మ అడిగిన మొదటి మాట, "మన నల్గొండ ఏ దిక్కు బిడ్డా?" తూర్పు చూపించాం. ఏం కనిపించదని తెలుసు, అయినా చక్రం తిరిగినంత సేపూ అటే చూసింది.

అదిగో, ఆ రోజు నుంచి నేను ఈ స్టూల్‌ను కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. మా వీధిలో కనీసం నలుగురితో కొనిపించాను. రామోజీ ఫిల్మ్ సిటీకి రెండుసార్లు తీసుకుపోయాం. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, విజయవాడ హైవే మీదే కాబట్టి మనకు దారిలోనే పడుతుంది. అక్కడ మాకు రైడ్ల కంటే లోపల తిప్పే బస్సుల కోసం, షోల కోసం ఆగడమే ఎక్కువైంది, అక్కడా పనికొచ్చింది. యాదగిరిగుట్టలో కొత్త గుడి తెరిచాక కొండ కింద బస్సు కోసం నిలబడ్డప్పుడు, చెరువుగట్టు జాతరలో, కంటి డాక్టర్ దగ్గర టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు, అన్నిచోట్లా అదే.

మధ్యలో ఒకసారి లైను లేకుండా పోయే ఖరీదు టికెట్ కూడా కొని చూశాం. లైను తగ్గింది, నిజమే. కానీ ఐదుగురికి లెక్కేస్తే మామూలు టికెట్‌కు దాదాపు రెట్టింపు, పైగా అందులో సగం రైడ్లు అత్తమ్మ ఎక్కనివి, చిన్నోడి ఎత్తు సరిపోక ఎక్కనివ్వనివి. మా ఆడబిడ్డ వాళ్లు అమెరికాలో డిస్నీ వరల్డ్‌కు పోయొచ్చి చెప్పింది, అక్కడ 1999లో మొదలైన ఫాస్ట్‌పాస్‌కు, అంటే పొడుగు లైన్లో నిలబడకుండా ఎక్కే పాస్‌కు, ఒకప్పుడు విడిగా డబ్బు తీసుకునేవాళ్లు కాదట, 2021లో దాన్ని ఎత్తేసి డబ్బు కట్టే పద్ధతి తెచ్చారట. అయితే చిన్నపిల్లలున్న వాళ్లకు ఇంకో సౌకర్యం ఉందట. తల్లి రైడ్ ఎక్కేటప్పుడు తండ్రి పిల్లతో బయట ఉంటాడు, తర్వాత తండ్రి మళ్లీ మొదటి నుంచి లైన్లో నిలబడకుండా ఎక్కొచ్చు. ఇక్కడ మేం రైడ్ నడిపే అబ్బాయిని మర్యాదగా అడిగితే ఒకసారి ఒప్పుకున్నాడు, ఇంకోసారి కుదరదన్నాడు.

మా ఆయన పద్ధతి వేరు, అది పైసా ఖర్చు లేనిది. లైన్లోకి దూరే ముందు ఐదు నిమిషాలు పక్కన నిలబడి రెండు ట్రిప్పులు చూస్తాడు. ఒక్క ట్రిప్పుకు పదహారు మంది ఎక్కుతున్నారు, దించి ఎక్కించడంతో కలిపి నాలుగు నిమిషాలు పడుతోంది, ముందు నూట ఇరవై మంది ఉన్నారు అంటే ముప్పై నిమిషాలు. లైను పొడుగు చూసి భయపడొద్దు, ఒక్కోసారి పొడుగు లైనే తొందరగా కదులుతుంది, ఎందుకంటే అందులో ఒకేసారి ఎక్కేవాళ్లు ఎక్కువ. మేం నీడ ఉంటే ముప్పై నిమిషాల వరకు ఆగుతాం, ఎండలో అయితే పదిహేను దాటితే వెళ్లిపోతాం. పొద్దున గేటు దగ్గరి రైడ్లను వదిలి చివర ఉన్నవాటికి పోతాం, మధ్యాహ్నం జనం నీళ్లలోకి పోయినప్పుడు ముందువాటికి వస్తాం.

ఇప్పుడు 2024 దసరా సెలవుల సంగతి. ఇది రాయడానికే ఇంత ఆలస్యం చేశాను.

ఆ రోజు పోవడమే తప్పు, పండగ సెలవుల్లో రావద్దని నేనే అందరికీ చెప్పేదాన్ని, కానీ మా ఆయనకు ఆ రోజే వీలైంది. నీళ్లలో జారే ఒక రైడ్ దగ్గర లైను చాలా ఉంది, అత్తమ్మ ఎక్కదు గానీ పిల్లలకు తోడుగా ఉంటానని లోపలికి వచ్చింది. పది పదిహేను సార్లు లేచి కూర్చుని ఉంటుంది. ఒకచోట లైను ఉన్నట్టుండి చాలా దూరం కదిలింది, వెనకవాళ్లు తోస్తున్నారు, మా పెద్దది స్టూల్‌ను మూసి పరుగెత్తి మళ్లీ తెరిచింది. లాగింది, తిప్పింది. అత్తమ్మ రోజూ కూర్చున్నట్టే వెనక చూడకుండా కూర్చుంది.

టక్కుమని చప్పుడైంది. మధ్యలో రెండు రింగులు ఒక్కసారిగా కిందికి దిగిపోయాయి. అత్తమ్మ కుడివైపు ఒరిగి పైపు పట్టుకుంది, ఎడమ చేయి మాత్రం కూర్చునేటప్పుడు స్టూల్ అంచును పట్టుకుని ఉంది కదా, చిటికెన వేలు రింగుల మధ్య ఇరుక్కుంది. ఆమె అరవలేదు. "బిడ్డా, వేలు" అంది, అంతే. నేను స్టూల్‌ను పైకి లాగుతుంటే ఇంకా బిగుసుకుంటోంది. జడ్చర్ల నుంచి వచ్చామన్న ఒక పెద్దావిడ "లాగకమ్మా, తిప్పు, ఎడమకు తిప్పు" అని తనే కూర్చుని మెల్లగా తిప్పితే వేలు బయటికొచ్చింది. తోలు లేచిపోయి రక్తం. ఆ పెద్దావిడ కుటుంబం మా కోసం లైనంతా ఆపి దారి చేయించింది. పార్కులోనే ప్రథమ చికిత్స గదిలో కట్టు కట్టారు, మరుసటి రోజు నల్గొండలో ఎక్స్‌రే తీయించాం, ఎముకకు ఏం కాలేదు, తుంటికి కూడా ఏం కాలేదు. కట్టు కట్టాక అత్తమ్మ చేసిన మొదటి పని పిల్లలను తిరిగి లైనుకు పొమ్మనడం. మా పెద్దది పోలేదు. నాయనమ్మ పక్కన కూర్చుని ఏడుస్తూనే ఉంది, నేనే సరిగా తిప్పలేదు అని. వచ్చేటప్పుడు కార్లో ఎవరం మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక స్టూల్‌ను నేను పూర్తిగా విప్పి చూశాను. ప్రతి రింగుకూ చిన్న చిన్న చెవులుంటాయి, తిప్పినప్పుడు అవి కింది రింగు గాడిలో పడి బిగుస్తాయి. ఆ గాళ్ల నిండా సన్నటి దుబ్బ ఉంది, బహుశా చెరువుగట్టు జాతర నుంచి వచ్చింది. దుబ్బ ఉంటే చెవి గాడి చివరి దాకా పోదు, పోయినట్టు చేతికి అనిపిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఒక రింగుకున్న చెవుల్లో రెండు అరిగి తెల్లబడి గుండ్రంగా అయిపోయాయి. రెండున్నరేళ్లు లైన్లలో తెరిచి మూసి వాడితే ఎన్ని వందల సార్లు అవుతుందో చూసుకోండి. పిల్ల తప్పు కాదు. అది ఎలా తిప్పినా ఏదో ఒక రోజు దిగిపోయేదే. ఆ అరిగిన చెవులు దానికి చూపించి చెప్పాను, చూసి తన వేలితో తడిమింది, అప్పుడు నమ్మింది.

అమ్మినవాళ్లకు రాస్తే వారంటీ ఆరు నెలలే అన్నారు. దానికి నేనేం అనను, పెట్టె మీద అదే ఉంది. కానీ చెవులు అరుగుతాయని, ఏడాదికోసారి చూసుకోవాలని ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది. పెద్ద పెద్ద అక్షరాలతో ఎన్ని కిలోలు మోస్తుందో రాశారు, మా అత్తమ్మ యాభై ఐదు కిలోలే. బరువుకు విరగలేదు అది.

కాబట్టి ముందు నేను వీధిలో వాళ్లకు చెప్పిన మాటల్లో కొన్ని సవరించుకున్నాను. పిల్లలైనా వేయగలరు అనేదాన్ని, ఇప్పుడు అనను. మా ఇంట్లో పెద్దవాళ్లే వేస్తారు. వేశాక రెండు అరచేతులతో బరువంతా పెట్టి ఒకసారి నొక్కుతాం, తర్వాతే అత్తమ్మ. అంచు పట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆమె నేర్చుకుంది. లైన్లో మొత్తం మూసేది లేదు, ఎంత తోసినా సరే. ప్రతి ట్రిప్పు తర్వాత బకెట్ నీళ్లలో ముంచి కడిగి నీడలో తలకిందులుగా ఆరబెడతాను. ఆ నలుగురి ఇళ్లకూ పోయి వాళ్ల స్టూళ్లు కూడా తిప్పి చూశాను, ఒకరిదాంట్లో చెవి అప్పటికే అరగడం మొదలైంది, పారేయించాను.

మేం మాత్రం మళ్లీ అదే రకం కొత్తది కొన్నాం. ఇంత జరిగాక ఎందుకని మా ఆడబిడ్డ ఫోన్లో గట్టిగానే అడిగింది. అడగాల్సిన మాటే. ఇనుప మడత కుర్చీ తెద్దామా అనుకున్నాం, లైన్లో పైపుల మధ్య అది పట్టదు. చక్రాల కుర్చీ మాట ఎత్తితే అత్తమ్మ "నడిచేదాన్ని నన్ను ఎందుకు కూసోబెడ్తరు" అంది, ఇక ఆ మాట మళ్లీ తీయలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె ఆ స్టూల్ వైపు కూడా చూడలేదు. ఫిబ్రవరిలో ఒక రోజు వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ దాన్ని తనే దగ్గరికి లాక్కుని, నొక్కి చూసి, కూర్చుంది.

మీకు చెప్పాలంటే, మా ఇంట్లో పరిస్థితి వేరు. మనిషి సన్నగా ఉంటుంది, నడవగలదు, పక్కన ఎప్పుడూ ఇద్దరం పెద్దవాళ్లం ఉంటాం, కారుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు భారీ మనిషైతే, లేదా తుంటి ఆపరేషన్ అయినవాళ్లైతే నేను కొనమని చెప్పలేను, నాకు ఆ ధైర్యం లేదు. కొన్నా సరే, గేటు దగ్గర లోపలికి రానిస్తారో లేదో ముందే ఫోన్ చేసి అడగండి, మమ్మల్ని ఒకచోట పావుగంట ఆపి వివరం అడిగారు. కొన్న వెంటనే లైన్లోకి తీసుకుపోవద్దు. వారం రోజులు ఇంట్లో వరండాలో రోజూ కూర్చోనివ్వండి, గాళ్లు ఎలా పడుతున్నాయో చేతికి తెలిసేదాకా. మేం మొదటిసారి ఆ పని చేయలేదు, రెండోసారి చేశాం.

ఈ సంక్రాంతి సెలవులయ్యాక ఒక మంగళవారం మళ్లీ పోదామనుకుంటున్నాం. జెయింట్ వీల్ మాత్రం ముందు ఎక్కాలని అత్తమ్మ ఇప్పటికే చెప్పి పెట్టింది.