చెరువు నీళ్ల పరీక్ష పెట్టె: అమ్మోనియా కోసం కొనొచ్చు, సీసం కోసం వద్దు

నల్లగొండలో చేపల మేత, మందులు అమ్మే దుకాణాల్లో దొరుకుతున్న చుక్కల మందు పెట్టె ఇది. చేపల సొసైటీలు, చెరువు గుత్తకు పట్టినవాళ్లు ఎక్కువగా కొంటున్నారు. పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, ఫాస్ఫేట్, కరిగిన ఆక్సిజన్‌కు విడివిడిగా సీసాలుంటాయి. వాటి పక్కనే ‘భార లోహాలు’ అని రాసిన పది పట్టీలు. సీసాల మీద పెట్టిన డబ్బు దండగ కాదు. పట్టీలు మాత్రం ఉత్త కాగితం ముక్కలు.

అమ్మోనియా పరీక్ష గట్టిదే. గాజు గొట్టాన్ని అదే చెరువు నీళ్లతో మూడుసార్లు కడిగి, 5 మి.లీ. గీత దాకా నింపి, మొదటి సీసా చుక్కలు వేసి ఊపాలి. తర్వాత రెండోది వేసి 15 నిమిషాలు నీడలో ఉంచాలి. ఓపిక లేక 5 నిమిషాలకే చూస్తే రంగు పూర్తిగా తేలదు, నీళ్లు బాగున్నాయనిపిస్తుంది. వచ్చిన అంకెను పీహెచ్‌తో కలిపి చదవాలన్న ముక్క మాత్రం పెట్టెలోని కాగితంలో లేదు. నీళ్లు 30 డిగ్రీల వేడి మీదున్నప్పుడు పీహెచ్ 8 అయితే అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం 7-8 శాతం. పీహెచ్ 9కి చేరితే అదే 45 శాతం దాకా పోతుంది. పాచి పట్టిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటడం మామూలే. అందుకే అమ్మోనియాను మధ్యాహ్నం మూడింటికి, ఆక్సిజన్‌ను తెల్లవారక ముందు చూడాలి. వేళలు తారుమారు చేస్తే రెండూ బాగున్నట్టే ఉంటాయి, చేపలు మాత్రం తేలతాయి. ఆక్సిజన్ సీసాను నీళ్లలో ముంచి లోపలే బిరడా బిగించాలి. ఒక్క బుడగ మిగిలినా లెక్క తప్పు.

ఫాస్ఫేట్ (నీళ్లలో కరిగిన భాస్వరం) దగ్గర చాలామంది బోల్తా పడతారు. మూసీ నీళ్లొచ్చే చెరువు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నా గొట్టంలో రంగు లేతగానే రావచ్చు. హైదరాబాద్ మురుగుతో దిగివచ్చిన భాస్వరాన్ని పాచి అప్పటికే మింగేసి ఉంటుంది. చుక్కలు పట్టుకునేది కరిగి ఉన్నదాన్నే. పాచిలోంచి అది నీటి పురుగుల్లోకి, వాటినుంచి బొచ్చె చేప కడుపులోకి పోతుంది. చచ్చిన పాచి బురదలో పడి అడుగున మేసే మృగాల చేపకు మేతవుతుంది. ఎండాకాలం అడుగున ఆక్సిజన్ అయిపోతే బురదలోని ఇనుము తాను పట్టి ఉంచిన భాస్వరాన్ని మళ్లీ వదిలేస్తుంది. పైనుంచి కొత్తగా చుక్క మురుగు రాకపోయినా పాచి ఎగబడేది అందుకే. దీనికి చుక్కల కన్నా 20 సెం.మీ. నలుపు తెలుపు పళ్లెం నయం. తాడుతో దించండి. 25 సెం.మీ. లోపే కనపడకుండా పోతే పేడ, ఎరువు వేయడం ఆపేయండి.

ఇక పట్టీలు. రంగుల అట్ట మీద సున్నా తర్వాతి మెట్టే లీటరుకు 20 మిల్లీగ్రాములు. తాగునీటిలో సీసానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హద్దు 0.01. అంటే హద్దుకు రెండు వేల రెట్లుంటే గానీ పట్టీ పలకదు! అసలు లోహాలను ఒట్టి నీళ్లలో వెతికితే ఏం లాభం? అవి చాలావరకు ఒండ్రుకు అంటుకుని అడుక్కు చేరతాయి. పాదరసాన్ని అక్కడ, ఆక్సిజన్ లేని బురదలో, బ్యాక్టీరియా మిథైల్ పాదరసంగా మారుస్తుంది. అది నీళ్లలో ఉన్నదానికి పదివేల రెట్లకు పైగా పాచిలో చేరి, ఒక నోటి నుంచి ఇంకో నోటికి పెరుగుతూ, చేపల్ని తినే కొర్రమీను, వాలుగల కండలో నిలుస్తుంది. కండలోని ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి పులుసు ఎంత మరిగినా పోదు. సీసం, కాడ్మియం అలా మెట్లెక్కవు. సీసం ఎముకలు, పొలుసులు, మొప్పల్లో, కాడ్మియం కార్జం, మూత్రపిండాల్లో ఉండిపోతాయి. కాబట్టి పాదరసం అనుమానముంటే పెద్ద వాలుగను, సీసం అనుమానముంటే ముల్లుతో సహా నమిలేసే పరకలను పరీక్షకు పంపాలి. తలకాయ పులుసు పెట్టేవాళ్లు మొప్పలు పూర్తిగా పీకేయాలి. (ఫ్లోరైడ్ సంగతి ఇక్కడ అందరూ అడుగుతారు. అదీ ఎక్కువగా ఎముకకే పోతుంది.)

పరీక్షకు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్ చూసుకోండి. ఒకే జాతి, ఒకే సైజు చేపలు అయిదు పట్టి, పెద్ద చేపలైతే వెన్ను పక్క కండను తోలు లేకుండా కోసి, పరకలైతే ముల్లుతో సహా, శుభ్రమైన పాలిథిన్ సంచుల్లో ఐసు మీద పంపాలి. నీళ్లు కూడా పంపేటట్టయితే ల్యాబ్ ఇచ్చే నైట్రిక్ ఆమ్లం కలిపిన ప్లాస్టిక్ సీసాలే వాడాలి. ఆమ్లం లేకపోతే లోహం దారిలోనే సీసా గోడకు అంటుకుంటుంది. రిపోర్టు వచ్చాక ముందు చూడాల్సింది తడి బరువా, ఎండు బరువా అని. చేపలో 75-80 శాతం నీళ్లే కాబట్టి ఎండు బరువు మీద అంకె నాలుగైదు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. చేపలో సీసానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పెట్టిన కిలోకు 0.3 మిల్లీగ్రాముల హద్దు తడి బరువు మీద. ఎండు అంకెను దాంతో పోల్చి మంచి చెరువును పాడుబెట్టుకోవద్దు.

పట్టీలు లేకుండా ఉత్త సీసాలు ఇస్తారేమో దుకాణంలో అడగండి. అమ్మోనియా రెండో సీసా అన్నిటికన్నా ముందు పాడవుతుంది, గడువు తేదీ చూసే తీసుకోండి.