నలభై దాటిన వాలీబాల్ ఆటగాడికి ఏది మేలు: మొరం కోర్టా, ఇసుకా, షటిలా?

"అన్నా, నువ్వు ఎన్కకు ఉండు. ముందట మేం చూస్కుంటం."

పోయిన సంక్రాంతి టోర్నమెంట్‌లో మా ఊరి టీమ్ పిల్లగాడు నాతో అన్న మాట ఇది. వాడికి 22 ఏళ్లు, నాకు 46. మర్యాదగానే అన్నాడు, ప్రేమతోనే అన్నాడు. కానీ 25 పాయింట్ల ఆ సెట్‌లో బాల్ నా చేతికి తగిలింది లెక్కపెట్టి ఐదుసార్లు. మ్యాచ్ గెలిచాం. నేను ఆడినట్టు మాత్రం అనిపించలేదు.

అప్పటి నుంచి మా ఈడువాళ్లం నలుగురం కూర్చుంటే ఇదే పంచాయితీ. మొరం కోర్టు మీద ఆరుగురి ఆటనే పట్టుకుని ఉండాలా? ఇసుకలోకి, అంటే బీచ్ వాలీబాల్‌కు, దిగాలా? లేక నల్లగొండ టౌన్‌లో అందరూ చేస్తున్నట్టు షటిల్ బ్యాట్ పట్టాలా? పొట్ట తగ్గించుకోవడమే పని అయితే ఈ చర్చే అక్కర్లేదు, పొద్దున్నే చెరువు కట్ట మీద గంట నడిస్తే చాలు. మా ప్రశ్న వేరు. ఈ వయసులో కూడా ఎదుటివాడు మన సర్వీసుకు జంకే ఆట ఎక్కడ మిగిలింది?

మొరం కోర్టుకున్న పెద్ద బలం అది ఊళ్లో ఉండటమే. రెండు ఇనుప పైపులు, ఒక నెట్, సున్నం గీతలు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో హైస్కూలున్న ఊళ్లో ఈ మూడూ దొరకడం కష్టం కాదు. 2022 నుంచి పల్లెల్లో పెట్టిన క్రీడా ప్రాంగణాల్లోనూ వాలీబాల్‌కు చోటిచ్చారు. కొన్నిచోట్ల అక్కడ ఇప్పుడు బర్రెలు మేస్తున్నాయి, అది వేరే సంగతి. పండగొస్తే టోర్నమెంట్, ఎంట్రీ ఫీజు, రాత్రి ఫ్లడ్ లైట్లు, మైకులో కామెంట్రీ. ఆ సందడి ఇసుక ఆటకు ఇంకో ఇరవై ఏళ్లకైనా వస్తుందా అంటే నాకు నమ్మకం లేదు.

ఒంటి సంగతికొస్తే లెక్క మారుతుంది. 30 దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. అందులోనూ ముందు పోయేది ఒక్క ఊపులో పైకి లేపే కండ. నెమ్మదిగా ఎక్కువసేపు పనిచేసే కండ అంత తొందరగా పోదు. అందుకే 45 ఏళ్ల మనిషి పొద్దంతా పొలంలో నడుం వంచగలడు కానీ నెట్ మీదికి మోచేయి లేపలేడు. ఆరుగురి ఆట నెట్ దగ్గర తేలే ఆట. ఎగరగలిగినంత కాలమే ముందు వరసలో మన పేరు వినబడుతుంది. ఎగిరాక దిగేది కూడా గట్టి నేల మీదికే. మోకాలి చిప్ప కింద పట్టుకునే నొప్పి, 'జంపర్స్ నీ' అంటారే, అది ఎక్కువగా ఈ ఆటవాళ్లకే వస్తుంది.

ఇక్కడ మా ప్రాంతం మాట ఒకటి చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు కీళ్లు పట్టేస్తే మేం ఆటను కాదు, చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లను తిట్టుకునేవాళ్లం. ఫ్లోరైడ్ నీళ్ల మధ్య పెరిగిన తరం మాది. నడుము వంగడం లేదంటే వార్మప్ సరిపోలేదని సర్దుకోకుండా ఒకసారి ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది. అది తేలాకే మొరమా ఇసుకా అన్న మాట.

ఆరుగురి ఆటలో పెద్దవాడికి నీడ దొరుకుతుంది, అది ఒప్పుకోవాలి. 1998లో అంతర్జాతీయ ఆటలోకి లిబెరో (వెనక వరసలో బాల్ లేపడానికే ఉండే ఆటగాడు) వచ్చాక ఎత్తు లేనివాడికీ జట్టులో ఒక గౌరవమైన చోటు ఏర్పడింది. ఊరి ఆటలో మాత్రం నీడ అంటే మూల. అక్కడ నిలబెట్టి, వచ్చిన బాల్‌ను కూడా పక్కవాడు 'నాది నాది' అని లాక్కుంటాడు. ఆడకపోతే చెయ్యి మొద్దుబారుతుంది, చెయ్యి మొద్దుబారితే ఇంకా వెనక్కి నెడతారు.

ఇసుక ఆటలో మూల లేదు. ఉన్నదే ఇద్దరు.

కోర్టు కొంచెం చిన్నదే: 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మనకు అలవాటైంది 18కి 9. కానీ మనుషులను బట్టి భాగిస్తే ఆరుగురి ఆటలో ఒక్కొక్కరి వాటా 13న్నర చదరపు మీటర్లు, ఇసుకలో 32. నెట్ ఎత్తు మగవాళ్లకు అదే 2.43 మీటర్లు. (మేమైతే నాలుగు వేళ్లు దించాం. మా ఆటకు టేపు పట్టుకొచ్చేవాడు లేడు.) సెట్ 21కే అయిపోతుంది, రెండు సెట్లు గెలిస్తే మ్యాచ్. బ్లాక్‌కు తగిలిన బాల్ కూడా మూడు టచ్‌లలో ఒకటి కిందే లెక్క.

ఇసుక వయసుకు ఎంత విలువ ఇస్తుందో చూడాలంటే కార్చ్ కిరాలీని చూడాలి. ఈ అమెరికన్ 1984, 1988 ఒలింపిక్స్‌లో ఆరుగురి ఆటలో బంగారం గెలిచాడు. 1996లో అట్లాంటాలో బీచ్ వాలీబాల్ మొదటిసారి ఒలింపిక్స్‌కు వచ్చినప్పుడు కెంట్ స్టెఫెస్‌తో కలిసి మగవాళ్ల తొలి బంగారం కూడా పట్టుకుపోయాడు. అప్పటికి 35 ఏళ్లు. అక్కడితో ఆపలేదు. 2005లో, 44 ఏళ్ల వయసులో, కుర్రాళ్ల మధ్య ప్రొఫెషనల్ టోర్నమెంట్ గెలిచి, 2007లో మానేశాడు. అప్పుడు అతనికి సరిగ్గా నా వయసు. అతనొక్కడే కాదు. బ్రెజిల్ ఆటగాడు ఎమాన్యుయెల్ రెగో 2012 లండన్‌లో వెండి గెలిచేనాటికి 39. కెర్రీ వాల్ష్ జెన్నింగ్స్ మూడు ఒలింపిక్స్‌లలో వరసగా బంగారం గెలిచి, 2016 రియోలో 38 ఏళ్లకు కంచు తెచ్చుకుంది. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో ఏప్రిల్ రాస్ 39 ఏళ్లకు బంగారం గెలిస్తే, జేక్ గిబ్ 45 ఏళ్లకు బరిలోకి దిగాడు.

వాళ్లకు ఫిజియోలు, కోచ్‌లు, పొద్దంతా ప్రాక్టీసు. మనకు బడి, పొలం, పెళ్లిళ్లు. పైగా గిబ్ లాంటివాళ్లు కొబ్బరిచెట్టంత ఎత్తు, ఆ ఎత్తు వయసుతో తగ్గదు. నాకు ఎక్కువ నచ్చినవాడు టాడ్ రోజర్స్. 2008 బీజింగ్‌లో ఫిల్ డాల్‌హౌసర్‌తో కలిసి 34 ఏళ్లకు బంగారం గెలిచాడు. అతనికి 'ప్రొఫెసర్' అని పేరు. ఎదుటివాడి భుజం తిరిగే తీరు చూసి బాల్ పడే చోటికి ముందే చేరతాడని చెప్పుకుంటారు. బడిపంతులిని కాబట్టి నాకా పేరు ఇంకా బాగా నచ్చిందేమో.

అసలు కిటుకు అక్కడే ఉంది. ఇసుక అందరి ఎగురుడునూ తగ్గిస్తుంది, కానీ ఎగరడం మీదే బతికేవాడికి ఎక్కువ నష్టం. మొదట్లో చెప్పిన పిల్లగాడే ఒక ఆదివారం మాతో ఇసుకలోకి దిగాడు. మొరం మీద నెట్ పైన నడుము దాకా కనబడేవాడు, ఇక్కడ కాళ్లు కూరుకుపోయి షాట్లు వరసగా నెట్‌కే కొట్టాడు. వాడి వెనక ఖాళీ చూసుకుని మేం బాల్ పెడుతూ పోయాం. ప్లేసింగ్, బాల్ చదవడం, ఓపిక: వయసుతో పెరిగేవి ఈ మూడే, ఇసుకలో పాయింట్లు వచ్చేవీ వీటికే. ఒక చిక్కుంది. మన ఊరి పెద్దలకు ఇష్టమైన ఆయుధం, వేళ్ల కొసలతో బాల్‌ను మెల్లగా అవతల పడేయడం, బీచ్ నిబంధనల్లో తప్పు. పిడికిలి కణుపులతో పెట్టాలి. ఆ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇక ఇసుకలోని బాధలు. మొదటి రోజే ఎదుటి జట్టువాడు "సార్ మీదనే ఎయ్‌రా" అని అరిచాడు. ఇద్దరి ఆటలో బలహీనుడెవరో చూసి ప్రతి సర్వీసూ వాడి మీదే వేస్తారు, ఇందులో మొహమాటం లేదు. సర్వీసు అందుకున్నవాడే మళ్లీ లేచి షాట్ కొట్టాలి. పదో సర్వీసుకు నాకు ఊపిరి అందలేదు. అయినా ఏడాది మొత్తంలో తగలనన్ని బాల్స్ ఆ సాయంత్రం నా చేతికి తగిలాయి.

ఊపిరి అందకపోవడానికి కారణం ఉంది. గట్టి నేలతో పోలిస్తే ఇసుక మీద నడవడానికి 2.1 నుంచి 2.7 రెట్లు, పరుగెత్తడానికి 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని బెల్జియం పరిశోధకులు 1998లో కొలిచి చెప్పారు. కాబట్టి 'ఇసుక మెత్తన, ముసలివాళ్లకు మంచిది' అనే మాట సగమే నిజం. దిగేటప్పుడు మోకాలికి మెత్తన, గుండెకూ పిక్కలకూ కాదు. మొదటి వారం పిక్కలు పట్టేసి బడి మెట్లు వెనక్కి తిరిగి దిగాను, పిల్లలంతా చూసి నవ్వారు. భుజం, నడుము నొప్పులు ఇసుకలోనూ వస్తాయి. నాకు పనికొచ్చింది చాలా చిన్న వ్యాయామం: గడప మీద మునివేళ్లతో నిలబడి మడమలు కిందికి దించి మళ్లీ లేపడం, 15 సార్ల చొప్పున మూడు విడతలు. వారానికి రెండు రోజులే ఆట, మధ్యలో కనీసం 48 గంటల ఎడం. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడాకే ఇసుకలో అడుగుపెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే వేడి ఇసుక కాల్చినా, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. వాళ్లు ఒట్టికాళ్లతో ఆడనే కూడదు.

మరి మన దగ్గర ఇసుకేది? నల్లగొండ నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికే 200 కిలోమీటర్ల పైమాట, పాలమూరు నుంచి ఇంకా దూరం. మేం మొదట ఎండిన దుందుభి వాగులో ఆడాం. సాయంత్రం ఆరు తర్వాత ఆ వాగు ఇసుక అంత హాయి ఇంకోటి లేదు. కానీ ఇసుక తోడిన గుంతలు, సీసా పెంకులు, కొట్టుకొచ్చిన తుమ్మ ముళ్లు. మాలో ఒకాయన గుంతలో కాలు మెలికపడి నెల రోజులు కట్టుతో తిరిగాడు. అందుకే సొంత కోర్టు అనుకున్నాం. చుట్టూ 3 మీటర్ల జాగా, 40 సెంటీమీటర్ల లోతు అన్న పోటీల కొలత ప్రకారం వెళితే 120 ఘనపు మీటర్ల పైన ఇసుక కావాలి. ట్రాక్టర్‌కు 3 ఘనపు మీటర్ల లెక్కన 41 ట్రిప్పులు! చుట్టూ జాగా 2 మీటర్లకు, లోతు 30 సెంటీమీటర్లకు తగ్గించుకుంటే 24 ట్రిప్పులతో సరిపోయింది. అనుమతి ఉన్న చోటు నుంచే తెప్పించుకోవాలి, లేకపోతే ట్రాక్టర్ పోలీస్ స్టేషన్ ముందు నిలబడుతుంది. ఖర్చు తక్కువని రోబో ఇసుక మాత్రం పోయొద్దు. అది రాయి పిండి, అంచులు పదునుగా ఉండి చర్మం గీసుకుపోతుంది, వాన పడితే గట్టిపడుతుంది. కడిగిన వాగు ఇసుకే కావాలి. ఎండాకాలం పగటిపూట మన దగ్గర 44 డిగ్రీల ఎండలో దాని మీద కాలు పెట్టడం పెనం మీద పెట్టినట్టే.

షటిల్ గురించి రెండు మాటలు చాలు. కోర్టు నీడపట్టున ఉంటుంది, గంటకు డబ్బు కడితే దొరుకుతుంది, నలుగురుంటే ఆట. అందుకే ఉద్యోగస్తులంతా అటే పోతున్నారు. కానీ ఉన్నపళాన ముందుకు దూకే ఆట అది. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం దూకితే మడమ వెనక స్నాయువు (అకిలిస్ టెండన్) తెగినవాళ్లను నేను ఇద్దరిని చూశాను. పైగా ముప్పై ఏళ్లు వాలీబాల్‌లో సంపాదించిన చేతివాటం అక్కడ ఎందుకూ కొరగాదు, మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి.

నా తీర్పు ఇది. మోకాళ్లు మొరాయిస్తూ గుండె బాగున్నవాడు ఇసుకకే రావాలి, అయితే మొదటి మూడు నెలలు ఇద్దరిద్దరు కాదు, ముగ్గురేసి ఆడాలి. మేం అలాగే ఆడుతున్నాం. ఆయాసం ఉన్నవాడు, షుగర్ ముదిరినవాడు ఆరుగురి ఆటలో వెనక వరసే నయం, కాకపోతే 'నాది' అని గట్టిగా అరవడం నేర్చుకోవాలి. టోర్నమెంట్ కప్పు మీద మనసున్నవాడు మొరం వదలకూడదు. వాడు వారంలో ఒక్క పూట ఇసుకలో ఆడినా రిసీవింగ్ మారిపోతుంది, అది నేను నా చేతుల మీదే చూశాను. ఇక షటిల్ అంటారా, అది మనుషులు దొరకని ఊళ్లవాళ్లకు, వానాకాలానికి.

మా నలుగురిలో ఇద్దరం ఇసుకలో ఉన్నాం. ఒకడు షటిల్‌కు పోయాడు. గుంతలో కాలు మెలికపడిన బావ కుర్చీ వేసుకుని పాయింట్లు చెబుతున్నాడు, మమ్మల్ని తిడుతున్నాడు కూడా. మొన్నటి వానలకు కోర్టులో ఒక వైపు ఇసుక కొట్టుకుపోయి కింద మొరం తేలింది. ఇంకో నాలుగు ట్రాక్టర్లు కావాలి. చందా పుస్తకం ఎవరు పట్టుకోవాలన్న దగ్గర ఆగి ఉంది పని.