కచేరీకి ఎకో దేనికండీ? మా కళాకేంద్రం మీద నా మాట

బెజవాడలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న కళాకేంద్రానికి ఏళ్ల తరబడి వెళ్తున్నాను. కచేరీలు, పద్య నాటకాలు, హాస్య సభలు, ఈ మధ్య కుర్రాళ్ల స్టాండప్ షోలు, బొమ్మల ప్రదర్శనలు అన్నీ చూశాను. సీట్లు, పార్కింగ్, క్యాంటీన్ సంగతి వెళ్లిన వాళ్లందరికీ తెలిసిందే. నేను చెప్పదలుచుకున్నది సౌండ్ గురించి. ఆ హాల్లో ఒక సాయంత్రం బాగుండాలన్నా పాడైపోవాలన్నా వెనక మిక్సర్ (మైకుల సౌండు సరిచేసే పెట్టె) దగ్గర కూర్చున్న మనిషి చేతిలో ఉంది. ఆ మనిషికి ఇవాళ కచేరీయా, కామెడీయా అన్నది చెప్పేవాళ్లు ఉండటం లేదు. నా బాధంతా అదే.

కొత్త స్పీకర్లు పెట్టినప్పుడు తెలిసిన వాళ్లందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాను, ఇక మన హాలుకి దిగులు లేదని. స్టాండప్ వరకు ఆ మాట ఇప్పటికీ నిలబడుతుంది. చేతిలో మైకు, ఒక్క గొంతు, మధ్యలో జనం నవ్వులు. చివరి వరసలో కూర్చున్నా ఒక్క మాట పోదు. మిమిక్రీకి కూడా అంతే. ఆ కళకి మైకు సగం వాయిద్యం. పెదాలకి దగ్గరగా పట్టుకుంటే గొంతు బరువెక్కుతుంది, దూరం జరిపితే పలచబడుతుంది. ఆ తేడాతోనే వాళ్లు రైలు తెస్తారు, నాయకుల గొంతులు తెస్తారు. అలాంటి రోజుల్లో ఈ హాలుకి వంక పెట్టలేను.

కచేరీ దగ్గరకొచ్చేసరికి కథ మారిపోతుంది. మొన్న చలికాలంలో ఒక ఆదివారం గాత్ర కచేరీ పెట్టారు. ముందు రోజు రాత్రి అదే స్టేజీ మీద సినిమా పాటల విభావరి అయింది. ఆ పాటల కోసం పెట్టిన ఎకో, అంటే గొంతు వెనకే మళ్లీ మోగేలా మిషను కలిపే ప్రతిధ్వని, మర్నాటికీ అలాగే ఉండిపోయింది. పాడేది పెద్దావిడ, గొంతు ఇప్పటికీ నిక్కచ్చిగా ఉంది. కచేరీ మొదట్లో పాడే వర్ణం ఎలాగో నడిచింది. కాంభోజి రాగం ఆలాపన (పాట మాటల్లేకుండా రాగాన్నే సాగదీసి పాడటం) ఎత్తుకున్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఒక సంగతి (ఒక్క విడతలో పాడే స్వరాల మలుపు) తోక పట్టుకుని ఇంకో సంగతి మీద పడుతోంది. గమకం, అంటే స్వరాన్ని ఊపే ఊపు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. వయొలిన్ ఆయన జవాబు అందుకునేసరికి ఆవిడ గొంతు ఇంకా గాల్లోనే వేలాడుతోంది. మృదంగం ఎడంవైపు గుంకీలు, ఆ బరువైన మోతలు, గోడల్ని గుద్దుతున్నట్టున్నాయి.

ఆవిడ చెయ్యి పైకెత్తి ఒకసారి సైగ చేశారు, మళ్లీ చేశారు. మిక్సర్ దగ్గరున్న అతను వాల్యూమ్ తగ్గించాడు తప్ప ఎకో జోలికి పోలేదు. స్టేజీ మీద మానిటర్, అంటే పాడేవాళ్లకి వాళ్ల గొంతు వినిపించే స్పీకరు, పెంచమంటే పెంచాడు, అది 'కూ' అని కీచుమంది. చివరికి ఆవిడ పాట ఆపేసి, “బాబూ, ఆ ఎకో తీసెయ్ నాన్నా, నా గొంతు నాకే రెండుసార్లు వినపడుతోంది” అన్నారు.

“ఎకో ఏం లేదమ్మా, హాలే అంతండి.”

“అయితే హాలు సంగతే చూద్దాం. మొత్తం ఆపెయ్.”

నిర్వాహకులు కంగారుగా స్టేజీ దగ్గరికి పరుగెత్తారు. ఆవిడ వాళ్లని కూర్చోమని, మమ్మల్ని ముందు వరసల్లోకి రమ్మన్నారు. ఏసీలు కూడా ఆపించారు. శ్రుతిపెట్టె ఒక్కటీ సన్నగా మోగుతోంది. మళ్లీ కాంభోజి, మొదటి నుంచి.

ఈ హాల్లో అంతకు ముందెన్నడూ వినని వినికిడి అది. సంగతికి ముందు ఆవిడ తీసుకునే ఊపిరి వినపడింది. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారే జారు, ఆ మధ్య దారి అంతా విడివిడిగా తెలిసింది. వయొలిన్ మీద కమాను దిశ మారిన చోటు, మృదంగం కుడివైపు చాపు దెబ్బ పడ్డ క్షణం, ఏదీ దేన్నీ మింగలేదు. స్వరకల్పనలో (సరిగమలు అప్పటికప్పుడు అల్లి పాడేటప్పుడు) వేగం పెరిగినా అక్షరం చెదరలేదు. హాలుది తప్పు కాదని ఆ గంటలో తేలిపోయింది.

దీని వెనక లెక్క కూడా పెద్దదేం కాదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. వెనక గోడ 20 మీటర్ల దూరంలో ఉంటే, గట్టి స్పీకర్లోంచి వెళ్లిన స్వరం గోడకి తగిలి తిరిగి రావడానికి దాదాపు సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. ఈ లోపు విద్వాంసురాలు తరవాతి స్వరంలో ఉంటుంది. హాలు ఇచ్చే ఈ ప్రతిధ్వని చాలదన్నట్టు దాని మీద మిషను ఎకో వేస్తే ఇక మిగిలేది రొద. సినిమా పాటకి ఆ మెరుపు కావాలేమో గాని, ఆలాపనకి అది మసి.

ఈ ఊరు సంగీతం తెలియని ఊరా అంటే కాదు కదా. కర్ణాటక సంగీత గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు పాఠం చెప్పిన ఊరు, ఆయన దగ్గర బాలమురళీకృష్ణ గారు నేర్చుకున్న ఊరు. 1948లో రేడియో స్టేషన్ వచ్చిన దగ్గర్నుంచి మైకు ముందు పాట ఎలా ఉండాలో తెలిసిన మనుషులు ఇక్కడ తయారయ్యారు. అలాంటి చోట కచేరీకి ముందు ఒక అరగంట మైకులు సరిచూసుకునే అలవాటు లేకపోవడం నాకు మింగుడు పడదు.

నాటకాలది వేరే గొడవ. పైనుంచి వేలాడే మైకులకి నటుడు నాలుగడుగులు పక్కకి వెళ్తే సగం మాట పోతుంది. పద్యం రాగానే అందరూ ఆ మైకు కిందికే చేరతారు. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో కూడా అదే వరస, భార్యాభర్తలిద్దరూ ఒకే చోట ఇరుక్కుని నిలబడటం. హార్మోనియానికి మాత్రం విడిగా మైకు ఉంటుంది, అది పద్యం మీదికెక్కి కూర్చుంటుంది. ఒకప్పుడు ఈలపాట రఘురామయ్య గారి లాంటి రంగస్థల నటులు గొంతుతో, ఈలతో జనాన్ని కట్టిపడేసిన నేల ఇది. హార్మోనియం కాస్త తగ్గిస్తే చాలు, ఇప్పటి కుర్ర నటుల గొంతులు కూడా వినపడతాయి, వాళ్లలో మంచి గొంతులున్నాయి.

బొమ్మల గది గురించి ఒక్క ముక్క. అద్దం బిగించిన ఫ్రేములకి ఎదురుగా ట్యూబులైట్లున్నాయి, వాటర్ కలర్ చూద్దామంటే లైటే కనపడుతుంది. పగటి పూట వెళ్తే నయం.

ఆ ఆదివారం గురించి ఇంత చెప్పాను గాని, ఆ రోజు హాలు సగం కూడా నిండలేదు. చలికాలం కాబట్టి ఏసీలు ఆపినా కూర్చోగలిగాం. బెజవాడ మే నెలలో ఆ మాట ఎవరూ అనలేరు, ఏసీ నడిస్తే దాని హోరు మీద మైకు లేని గొంతు నిలవదు. జనం నిండినా అంతే, అన్ని ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయి. పైగా నా పక్కనే కూర్చున్న మా అమ్మకి చెవి మిషను ఉంది. మైకులు ఆపగానే “ఏం పాడుతోందే?” అని నా మోచెయ్యి పట్టుకుని అడిగింది. నాకు అంత బాగా వినపడిన గంట తనకి సగమే అందింది. అందుకని మైకులు తీసెయ్యమని నేను అనను. ముందు రోజు సెట్టింగులు చెరిపేసి, ఎకో సున్నాకి తెచ్చి, పాడేవాళ్లతో ఒకసారి సరిచూసుకుని మొదలుపెట్టమంటున్నాను. దీనికి కొత్త సామాను కొననక్కర్లేదు.

అప్పటిదాకా నా లెక్క ఇదీ. కామెడీకి ఏ వరసైనా ఫరవాలేదు, పిల్లల్ని తీసుకుని ధైర్యంగా వెళ్లండి. కచేరీకైతే స్పీకర్లకి దూరంగా, మధ్యలో మూడు నాలుగు వరసల లోపల కూర్చోండి, అక్కడ అసలు గొంతు కొంత నేరుగా అందుతుంది. మా లాగా చెవి సమస్య ఉన్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఈ సలహా పనికిరాదు, వాళ్లకి స్పీకరు దగ్గరే మేలు. ఇల్లు దగ్గర కాబట్టి బాగోకపోతే లేచి వచ్చేయగలను, నాకు చెల్లింది. గుంటూరు నుంచో తెనాలి నుంచో ఒక్క కచేరీ కోసం బస్సెక్కి వచ్చేవాళ్లు మాత్రం, ముందు రోజు ఆ హాల్లో ఏం కార్యక్రమం ఉందో కనుక్కుని రండి.