పాత పరికరాలూ కొత్త ఫోన్లూ ఉన్న ఇంట్లో ఆర్చర్ ఏఎక్స్23 రౌటర్

మా అపార్టుమెంటులో ఫైబర్ కనెక్షన్ పెట్టె హాల్లో ఓ మూలన ఉండటంతో వెనుక గదిలోని నాన్నగారి ల్యాప్‌టాప్‌కు సిగ్నల్ సరిగా అందేది కాదు. అందుకని టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్23 అనే వైఫై 6 (ఆరో తరం వైఫై) రౌటర్ కొని, ఫైబర్ పెట్టె నుంచి లాన్ కేబుల్ లాగించి నడవలో పెట్టాం. కొత్త ఫోన్లతో పాటు, వైఫై వాడే రెండు ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో (2.4, 5 గిగాహెర్ట్జ్) 2.4 మాత్రమే అందుకోగల ప్రింటరు, స్మార్ట్ ప్లగ్‌లు, పదేళ్లు దాటిన ఆ ల్యాప్‌టాప్ కూడా దీని మీదే నడవాలి కనుక, వేగం కన్నా ముందు వీటన్నిటినీ ఎలా కలుపుకుపోతుందో చూశాను.

మొదటి రోజు ల్యాప్‌టాప్‌లో ఇరుగుపొరుగు వైఫై పేర్లన్నీ కనిపించాయి, మాది తప్ప. లోపం రౌటర్‌ది కాదు. వైఫై 6 రౌటర్లు తమ ఉనికిని తెలిపే సంకేతంలో కొత్తగా చేరిన సమాచారం అర్థంకాక, ఆ ల్యాప్‌టాప్ కాలపు వైఫై కార్డులను నడిపే సాఫ్ట్‌వేర్లు, అంటే డ్రైవర్లు, కొన్ని ఆ నెట్‌వర్క్‌నే చూపించవు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి డ్రైవర్‌ను అప్‌డేట్ చేయగానే పేరు కనిపించింది. చాలామంది ఇక్కడే విసిగి రౌటర్‌ను వాపసు చేస్తారేమోనని నా అనుమానం.

రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో చూపించే స్మార్ట్ కనెక్ట్‌ను ఆపేసి, వాటికి వేర్వేరు పేర్లు పెట్టుకోవడం మాకు బాగా కలిసివచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్‌కు మా పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే ఇచ్చి, ఫైబర్ పెట్టెలోని వైఫైని ఆపేయడంతో ప్రింటరు, ప్లగ్‌లు మళ్లీ సెటప్ చేయనవసరం లేకుండా వాటంతట అవే కలిశాయి. 2018లో వచ్చిన వైఫై భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ3 ఈ పాత వస్తువులకు తెలియదు కాబట్టి ఆ బ్యాండును దాని ముందుతరమైన డబ్ల్యూపీఏ2లోనే (ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌తో) ఉంచి, ఫోన్లు వాడే 5 గిగాహెర్ట్జ్‌కు మాత్రం డబ్ల్యూపీఏ3 పెట్టాను. ఒక్క ప్రింటరు కోసం ఇల్లంతటి భద్రతను తగ్గించడం నాకు ఇష్టం లేదు.

రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే సొంత నెట్‌వర్కు పెట్టుకోకుండా ఫైబర్ పెట్టె నెట్‌వర్కునే వైఫైగా అందించేలా, పెట్టడం మరవకూడదు. లేకపోతే ఫైబర్ పెట్టె ఒక నెట్‌వర్కు, ఇది మరో నెట్‌వర్కు అయి, పెట్టెకు కేబుల్‌తో కలిపిన టీవీ ఫోన్లకు కనిపించదు.

ఈ రౌటర్ వేగాన్ని సూచిస్తూ చెప్పే ఏఎక్స్1800 అన్న అంకె 5 గిగాహెర్ట్జ్‌లోని 1201, 2.4 గిగాహెర్ట్జ్‌లోని 574 మెగాబిట్లను కలిపి, పైకి సవరించి చెప్పేది. ఏ ఒక్క ఫోనుకూ అంత వేగం రాదు. పైగా ఆ 574 రావాలంటే ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉండాలి. చుట్టూ ఇన్ని వైఫైలున్న అపార్టుమెంటులో 20 మెగాహెర్ట్జ్‌కే పరిమితమై 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలు. వేగం సగమైనా ప్రింటరుకు, ప్లగ్‌లకు అది ఎక్కువే.

మూడు గదుల మా ఇంటికి ఈ ఒక్క రౌటర్ చాలింది. మేడ మీద కూడా గదులున్నవారు మాత్రం 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కాంక్రీటు శ్లాబును దాటేసరికి బాగా బలహీనపడుతుందని గుర్తుంచుకుని, పై అంతస్తుకు కేబుల్ లాగించి మరొకటి పెట్టుకోవాలి.