మిరియాలకు చెక్క మిల్లు సరే, మరి మసాలాకి, కాఫీకి?

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, చేత్తో చేసిన చెక్క మిల్లు ఒకటి చూశాను, ఎంత ముద్దుగా ఉందో, మిరియాలు, మసాలాలు, కాఫీ గింజలు అన్నీ అందులోనే ఆడుకోవచ్చట, కొనేదా?" అని. ఆగవే తల్లీ అన్నాను. ఆ "అన్నీ" అన్న మాట దగ్గరే నేనూ ఒకసారి మునిగాను.

రెండేళ్ల కిందట ఒక ఎగ్జిబిషన్‌లో షీషం చెక్కతో చేసిన జత మిల్లులు కొన్నాను. నున్నగా, మంచి చారలతో, చేతికి సరిగ్గా అమిరేవి. ఒకదాంట్లో మిరియాలు పోశాను, రెండోదాంట్లో కల్లుప్పు. మాది విశాఖ, సముద్రపు గాలి, ఉప్పు డబ్బా మూత తీస్తే చాలు చెమ్మగిల్లిపోతుంది. ఒక్క వానాకాలం గడిచిందో లేదో, పెరుగన్నంలోకని తిప్పితే ఉప్పుతో పాటు ఎర్రమట్టి లాంటి పొడి రాలింది. విప్పి చూస్తే లోపల ఉన్నది మామూలు ఉక్కు, పళ్ల నిండా తుప్పు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "తడి తగిలించి ఉంటారమ్మా" అన్నాడు. ఉప్పు వేసుకోమని అమ్మిన వస్తువుకి ఉప్పే తడి అయితే ఏం చెప్పను!

అప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు. మనం చూసి మురిసిపోయే చెక్క వట్టి ఒళ్లు, నూరే పని దానిది కాదు. మా అమ్మ ఆ విప్పిన మిల్లు చూసి "ఇది నిలబెట్టిన తిరగలే కదే" అంది. నిజంగా అంతే. తిరగలిలో కింద రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, మధ్యలో పడ్డ గింజ నలిగి అంచుల్లోంచి రాలుతుంది. ఇందులో బయట ఒక పళ్ల చట్రం కదలకుండా ఉంటుంది, లోపల శంకువు లాంటి ముక్క తిరుగుతుంది. పైనుండే పెద్ద పళ్లు మిరియాన్ని ముక్కలు చేస్తాయి, కింది సన్న పళ్లు పొడి చేస్తాయి. తిరగలి రాళ్లు అరిగితే గంట్లు కొట్టేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు, మిల్లు పళ్లకు ఆ వైద్యం లేదు, అరిగితే మార్చుకోవడమే. కాబట్టి కొనేముందు అడగాల్సింది ఏ చెక్క అని కాదు, లోపల ఏముంది అని. మామూలు ఉక్కు అయితే మిరియాన్ని కోసినట్టుగా విరుస్తుంది, వాసన బాగా వస్తుంది, కానీ ఉప్పు పడదు. సిరామిక్ అయితే ఉప్పూ వేసుకోవచ్చు, తుప్పు భయం లేదు, కింద పడితే మాత్రం పెచ్చు ఊడొచ్చు. ప్లాస్టిక్ పళ్లయితే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

ఇక మిరియాల సంగతి. పొడి చేసి డబ్బాలో పెట్టిన మిరియాలు రెండు నెలలకి కారంగానే ఉంటాయి గానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ ఉండదు. ఘాటునిచ్చే పైపరిన్ ఎక్కడికీ పోదు, వాసననిచ్చే నూనెలే ఎగిరిపోతాయి. అందుకే ఆమ్లెట్ మీదో, కట్టె పొంగలి వడ్డించాక పైనో, కోసిన జామకాయ ముక్కల మీదో అప్పటికప్పుడు నాలుగు తిప్పులు తిప్పుకోవడానికి చెక్క మిల్లుకి సాటి లేదు, ఒంటి చేత్తో రోలు పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి ఎవరూ రారు కదా. అదే మిరియాల చారు అనుకోండి, మిల్లు పక్కన పెట్టండి. చారుకి మిరియాలూ జీలకర్రా కచ్చాపచ్చాగా నలిగి, వాటి మీద నాలుగు వెల్లుల్లి రెబ్బలు పడి, రెండు పోట్లకి ఆ తడి పొడిలోకి ఇంకాలి. అది చిన్న రాతి రోట్లోనే అవుతుంది. మాది మూడో అంతస్తు, పొద్దున్నే దంచితే కింది వాళ్లు పైకి చూస్తారు, అందుకని రోటి కింద పాత తువ్వాలు మడిచి వేస్తాను.

చెక్క రోలు కూడా అమ్ముతున్నారు. చూడ్డానికి బాగుంటుంది, తేలిక, కానీ వెల్లుల్లి వాసన ఒకసారి పట్టిందంటే వదలదు, ఆ తర్వాత యాలకులు దంచి పాయసంలో వేస్తే మీ ఖర్మ.

మసాలాకి చెక్క మిల్లు వద్దే వద్దు. దాల్చినచెక్క ముక్కలు పళ్లలోకి దిగవు, మిల్లు ఊరికే తిరుగుతుంది. లవంగాల నూనెకి పొడి ముద్దై సందుల్లో కూరుకుపోతుంది. ఎండుమిర్చి తొక్క చుట్టుకుంటుంది. నా మిల్లులో జీలకర్ర సగం నలిగి సగం అలాగే జారిపోయింది. ధనియాలు ఒక్కటే కాస్త పరవాలేదు. వారానికి సరిపడా గరం మసాలాకి మిక్సీయే దిక్కు, ఆపి ఆపి తిప్పుతూ జారు వేడెక్కకుండా చూసుకుంటే చాలు. ఒక పూట కూరకి చిటికెడు కావాలంటే రోలు.

కాఫీ దగ్గరే నాకు చెక్క మీద మనసు లాగుతుంది, బుద్ధి వద్దంటుంది. పైన చేతి పిడి, కింద చిన్న సొరుగు ఉండే ఆ చెక్క పెట్టె మిల్లు తెలుసు కదా. ఇప్పుడు కార్ల పేరుగా వినిపించే ఫ్రాన్స్ ప్యూజో వాళ్లు కార్ల కంటే చాలా ముందే, 1840లో, కాఫీ మిల్లులు చేశారు, మిరియాల మిల్లు 1874లో వచ్చింది. అందం మీద నాకేం పేచీ లేదు. తంటా అల్లా, ఇలాంటి చాలా పెట్టెల్లో తిరిగే ముక్కకి కింద గట్టి ఆధారం ఉండదు, తిప్పుతుంటే ఊగుతుంది, దాంతో పొడిలో సగం పిండి, సగం రవ్వ. మన ఫిల్టర్‌లో ఆ పిండి చిల్లులు మూసేసి డికాక్షన్ దిగదు, ఎలాగో దిగినా రవ్వ వల్ల పలచగా ఉంటుంది. అరకు గింజలు తెచ్చి అరగంట చూశాను, ఒక చుక్క, ఇంకో చుక్క! సన్నగా రావాలని బిగిస్తే మోకాళ్ల మధ్య పెట్టి తిప్పినా చెయ్యి పీకేస్తుంది. అదే డబ్బుకి ఇరుసు రెండుచోట్ల బేరింగులతో పట్టి ఉండే లోహపు హ్యాండ్ గ్రైండర్ తీసుకుంటే పొడి సమంగా వస్తుంది. అంత ఓపిక లేకపోతే కాఫీ పొడి కొట్లో వారానికి సరిపడా ఆడించుకోండి.

మిరియాల మిల్లులో మాత్రం కాఫీ గింజలు వేయకండి. నేను వేశాను. మావారు ఒక గుక్క తాగి "నాకు దగ్గని ఎవరు చెప్పారు?" అన్నారు. తమాషా ఏంటంటే అరకు, పాడేరు వైపు కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ చెట్లకే మిరియం తీగలు పాకిస్తారు, తోటలో రెండూ పక్కపక్కనే పెరుగుతాయి. కప్పులో మాత్రం కలవవు.

చెక్క పనితనం కావాలంటే మా దగ్గర లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రని తరణి పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు పూస్తారు, ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. చిన్నప్పటి లక్కపిడతల్లో రోలు, తిరగలి ఉండేవి గుర్తుందా, ఆ వేళ్లకి ఆ పని కొత్త కాదు. పసుపు, యాలకులు దాచుకోవడానికి అక్కడి భరిణెలే కొంటాను. పొయ్యి పక్కన మాత్రం పెట్టను, వేడికి లక్క మెత్తబడుతుంది.

చెల్లెలికి చివరికి చెప్పిందిదే: మిరియాలకైతే కొను, కొనేముందు కొట్లోనే తెల్ల కాగితం మీద పదిసార్లు తిప్పించు. పొడి సమంగా రాలిందా, మధ్యలో సగం సగం గింజలు పడ్డాయా చూడు. బిగించే మర పైన ఉంటే గింజలు పోసినప్పుడల్లా మళ్లీ సరిచేసుకోవాలి, అడుగున ఉంటే ఆ బాధ ఉండదు. ఉడుకుతున్న గిన్నె మీద పట్టి తిప్పకు, ఆవిరికి లోపల ముద్దకడుతుంది. కుళాయి కింద అసలే కడగకు, పొడి బ్రష్ చాలు. అంతా విని "మరి కాఫీకి?" అంది. ముందు నా పెట్టె మిల్లు తీసుకెళ్లి వారం వాడి చూడమన్నాను. తిరిగి ఇవ్వక్కర్లేదని కూడా చెప్పాను.