స్పీడుకు వంక లేదు, ఫారం వెనక చదివి సంతకం పెట్టండి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. మా గల్లీ ఆపరేటర్ దగ్గర ఫైబర్ నెట్ పెట్టించిన. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజుల్ల షాపు నిండా పిల్లలున్నా సైటు ఒక్కసారి గూడ ఆగలే. స్పీడుకు వంక పెట్టేది లేదు.

సంతకానికి ముందు ఫారం వెనక సన్నక్షరాలు మొత్తం చదివిన. ముందట ‘అన్‌లిమిటెడ్’, వెనక మాత్రం నెలకు 3,300 జీబీ దాటితే స్పీడు తగ్గిస్తరట. మాకంత పడదు, సరే. 599 అన్నరు, 18 శాతం జీఎస్టీ కలిస్తే 706 రూపాయల 82 పైసలు. ఏడాదిలోపు తీసేస్తే రౌటర్ డిపాజిట్ తిరిగిరాదని ఉంది. ఈ ముచ్చట నోటితో ఎవ్వరూ చెప్పలే. అడిగితే ఆపరేటరన్న ఆ లైను పెన్నుతో కొట్టేసి, పక్కన సంతకం చేసి స్టాంపు కొట్టిండు. అక్కడ మాత్రం మెచ్చుకోవాలె.

లైను తెగితే ఎన్ని గంటల్ల బాగుచేస్తరో ఎక్కడా లేదు. షాపు నడిపేటోళ్లకు ఇదే పెద్ద లోటు. రోడ్డు తవ్వకాల్ల కేబుల్ తెగి పొద్దంతా గిరాకీ వాపస్ పోయింది, బిల్లుల పైసా తగ్గించలే. రెన్యూవల్‌కు ముందు ఆ గడువు కాగితం మీద రాసియ్యమన్న. రాసిస్తే ఇంకో ఏడాది వీళ్లనే ఉంచుకుంట.