జెల్లీ కట్టడం సరుకు తప్పు కాదు, చీటీ తప్పు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపున్న ఈ కెమికల్ షాపులో నాన్ అయానిక్ (బట్టల లిక్విడ్‌లో మురికి వదిలించే కెమికల్) కల్తీదని, నీళ్లు పోయగానే జెల్లీ అయిపోతోందని చాలామంది అంటున్నారు. లాడ్జీలకు బట్టల లిక్విడ్ చేసిచ్చే పని నాది, 9 మోల్ రకం (ఒక్కో అణువుకు సగటున తొమ్మిది ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలు తగిలించినది) ఎప్పుడూ ఇక్కడే కొంటాను. సరుకు మంచిదే. కొంప ముంచుతున్నది డబ్బాతో పాటు ఇచ్చే తయారీ చీటీ.

అందులో "కెమికల్ మీద కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ కలపండి" అని ఉంది. సరిగ్గా అదే చేయకూడదు. నాన్ అయానిక్ ఒట్టిగా ఉన్నప్పుడు జారుగా ఉంటుంది, నీళ్లు బాగా ఎక్కువైనా జారుగానే ఉంటుంది, మధ్యలోనే చిక్కంతా. రకాన్ని బట్టి మారుతుంది గానీ మిశ్రమంలో నాన్ అయానిక్ సుమారు 40 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడు, అణువులన్నీ పొడుగాటి కడ్డీల్లా గుంపులు కట్టి, ఆ కడ్డీలు తేనెపట్టు గదుల్లా ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కదలకుండా బిగుసుకుంటాయి. మీదనుంచి నీళ్లు పోస్తే మొత్తం సరుకూ ఆ దశలోకి పోయి అక్కడే ఆగిపోతుంది.

రెండు మగ్గుల్లో పక్కపక్కనే చేసి చూశాను. చీటీ ప్రకారం కలిపినదాంట్లో గరిటె నిలబడింది, మగ్గు బోర్లిస్తే చుక్క కారలేదు, గాజులా మెరుస్తున్న ఆ ముద్దలో గాలిబుడగలు ఎక్కడివక్కడే ఇరుక్కుపోయాయి. రెండోదాంట్లో ముందు గోరువెచ్చని నీళ్లు పోసి, తిప్పుతూ సన్నని ధారగా నాన్ అయానిక్ వదిలితే, పడినచోట కాస్త తీగలు సాగి వెంటనే కరిగిపోయింది. ఒకే డబ్బా, ఒకే నీళ్లు.

ఇప్పటికే గడ్డకట్టినవాళ్లు దయచేసి పారబోయకండి. అది చెడిపోలేదు. ముద్దను చిన్న ముక్కలు చేసి ఎక్కువ గోరువెచ్చని నీళ్లలో వేసి రాత్రంతా వదిలేస్తే చాలావరకు కరుగుతుంది, పొద్దున ఒకసారి తిప్పండి. అలాగని నీళ్లు మరీ మరగనివ్వొద్దు, ఒక వేడి దాటాక నాన్ అయానిక్ ద్రావణం పాలలా తెల్లబడుతుంది, మోల్ సంఖ్య తగ్గేకొద్దీ అది తక్కువ వేడికే వస్తుంది. చల్లారితే మళ్లీ తేటపడుతుంది, టెన్షన్ అక్కర్లేదు.

కౌంటర్లో పిల్లోడు మాత్రం "అక్కా, పలచగా ఉంటే ఉప్పెయ్యి, చిక్కబడతాది" అని అందరికీ చెబుతున్నాడు. ఎస్.ఎల్.ఈ.ఎస్. (షాంపూల్లో వాడే నురగ కెమికల్) ఉన్న లిక్విడ్‌కు అది నిజమే, కొలత మించనంతవరకు. ఒట్టి నాన్ అయానిక్‌కు ఉప్పు అలా పనిచేయదు, పైగా తెల్లబడే వేడిని కిందికి దించుతుంది, మన ఎండాకాలంలో రేకుల షెడ్డులో పెట్టిన లిక్విడ్‌కు అది మంచిది కాదు.

తూకం సరిగ్గా ఉంటుంది, సీలు వేసిన డబ్బాలే ఇస్తారు, బిల్లు అడగకుండానే రాస్తారు. చలికాలం పొద్దున డబ్బాలో తెల్లగా పేరుకుని కనిపిస్తే మార్చమని గొడవపడొద్దు, వేడినీళ్ల బకెట్లో కాసేపు పెడితే జారుతుంది. ఓనరుగారూ, ఆ చీటీలో ఒక్క వాక్యం మార్చి అచ్చు వేయించండి, చిత్తూరు నుంచి బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చే డ్వాక్రా ఆడవాళ్లు మొదటి డబ్బాతోనే భయపడి మానేస్తున్నారు.